మేక సాక్ష్యం

మే నెల. చెట్టును కదిలించే నెల గాదు.
సూపర్‌వైజర్‌కు ఫోన్‌ల చెప్పిన, ఎదురుగ నిలబడి చెప్పిన:
నవంబర్ దాకా ఆగుండ్రి, గోడ ఎక్కడికీ పారిపోదు.
పొక్లెయిన్ కిరాయి గంట లెక్కన, అది ఆగదన్నడు.
సొహార్‌ల గాలి అప్పటికే పెనం మీది ఆవిరి.

ముప్పయ్యేండ్ల మైదాకు చెట్టు.
ఇంటి పెద్దమ్మ మోజా పెండ్లిచేతులకు
దీని తల్లిచెట్టు ఆకే నూరిండ్రట.
ఆమెను మామా అని పిలువాలె ఇక్కడ.
మొదట్ల నాకు నవ్వాగకపోయేది.

చుట్టూ మూరెడు వదిలి తవ్విన.
వేర్లు మూరెడు కాడ ఆగుతయా?
బొటనవేలంత వేరొకటి, బావి దిక్కు పోయేది,
రంపం కింద తడిగ చప్పుడు చేసింది.
మట్టిగడ్డ విచ్చిపోకుండ గోనె చుట్టి
నేనూ జషీమూ పాడె మోసినట్టు మోసినం.
ఆ మాట జషీమ్‌తోని అనలె.

మూడోనాటికి ఆకు ముడుచుకున్నది.
వారం తిరిగేసరికి
చీపురుకట్టను తలకిందులుగ నాటినట్టున్నది.

అసర్ నమాజు అయినంక మామా వస్తది,
చేతికర్రతోని కొమ్మను తట్టి
"మాత్?" అంటది. సచ్చిందా?
"లా, మామా. శ్వయ్ శ్వయ్."
నాకొచ్చిన అరబ్బీ మాటలు పదో పన్నెండో,
అండ్ల సగం ఈ చెట్టుకే ఖర్చయినయి.

యూరియా సంచి పంపిండు సూపర్‌వైజర్.
మూలకు పెట్టిన.
జరమొచ్చినోని ముంగట దావత్ పెడతరా?
మూడోవంతు కొమ్మలు కోసిన,
మిగిలిన వేర్లు ఎంత మోస్తయో అంతే బరువు.
పడమటి ఎండకు పచ్చ వల అడ్డం కట్టిన.
రోజూ వేలు రెండు కణుపులు మట్టిల దించి
తడి తగిలితే ఒక్క చుక్క పోయలె.
నీళ్లెక్కువ పోసుడు గూడ ఒక తీర్గ సంపుడే.

అయినా ఏ నీళ్లు పోయాలె?
సముద్రం దాపు, బావి నీళ్లు నాలిక మీద ఉప్పు.
మా రూం ఏసీ రాత్రంత కారుతది.
పైపు కింద బకెట్ పెట్టిన.
ఏడుగురం పండుకుంటం ఆ రూంల,
ఏడుగురి ఊపిరి, ఏడుగురి చెమట
గోడ అవతల బొట్టు బొట్టు దిగి
తెల్లారేసరికి బకెట్ నిండుతది. ఉప్పు లేని నీళ్లు.
ఫజర్ బాంగు కంటె ముందే తెచ్చి పోసేది.
నా గురకను గూడ చెట్టుకు తాగిస్తున్నవా అని
జషీమ్ నవ్వు.

కింది మంచం ఎల్లాగౌడ్ అన్నడొక రాత్రి:
అది అచ్చం నీ లెక్కనే రా, వేర్లు తెగి...
నాకు కోపమొచ్చింది.
నేను కాయితం మీద సంతకం పెట్టొచ్చినోన్ని.
రెండేండ్లకోసారి సెలవుంది నాకు.
ఆ చెట్టును ఎవడడిగిండు?
పోల్చుడు సులువు. బకెట్ మోసి చూడు.

జూన్ ఆఖర్ల గోరుతోని తొక్క గీకిన.
పై కొమ్మ, గోధుమ రంగు.
ఇంకింత కింద, గోధుమ రంగే.
మోకాలెత్తున మల్ల గీకితే
గోరంత పచ్చ.
ఎవ్వరికీ చెప్పలె.
ఆ పూట గోరు కడగకుంటనే అన్నం తిన్న.

జూలైల మొదట్ల నాలుగు చిగుర్లు,
ఎలుకచెవులంత.
మామాకు చూపెడదమని అసర్ దాకా ఆగిన.
ఆగుడే తప్పయింది.
ఏ గోడ కోసం చెట్టును పీకినమో
ఆ గోడ ఇంకా సగమే లేచింది.
ఆ సందుల నుంచే పక్కింటి మేక దూరి
నాలుగూ మేసింది.
వలను గూడ సగం నమిలింది.

నేను మట్టిల కూలబడ్డ.
మామా వచ్చింది. మోడును చూసింది,
మేకను చూసింది,
మేక మూతికంటిన పచ్చను చూసింది.
పండ్లు లేని నోటితోని పెద్దగ నవ్వి
ఏదో అన్నది. నాకు అందలె.
జషీమ్ విడమర్చిండు:
సచ్చిన కట్టెను మేక ముట్టదట.

ఆ మాపు వల మల్ల కట్టిన,
ఈసారి చుట్టూ ముండ్లకంప.
పండుకునేముందు బకెట్ సరిగ్గ
పైపు కిందికి జరిపిన.